ఏడు దేశాలా? మూడు ఊళ్లా?

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, పత్రికల్లో రంగురంగుల ప్రకటనలు మొదలవుతాయి. "పది రోజుల్లో ఏడు యూరప్ దేశాలు" అని పెద్ద అక్షరాలు, పక్కన ఈఫిల్ టవర్ బొమ్మ, అడుగున చిన్న అక్షరాల్లో ధర. ఆ ధర కంటపడగానే మన ఇళ్లలో పేజీ తిరిగిపోతుంది. ఎల్‌టీసీ మీద అండమాన్ దాకా వెళ్లవచ్చు, కశ్మీరు దాకా వెళ్లవచ్చు. దేశం దాటితే మాత్రం ప్రతి రూపాయీ మన జేబులోంచే పోవాలి. కాబట్టి యూరప్ మనలాంటి జీతగాళ్లకు కాదని పెద్దలు తేల్చేస్తారు, పిల్లలు నమ్మేస్తారు.

ఆ నమ్మకం సగమే నిజమని నా అభిప్రాయం. యూరప్ చవక కాదు, అది ఒప్పుకోవాలి. కానీ ఆ ప్రకటనలో ఉన్న పద్ధతే అన్నిటికన్నా ఖరీదైన పద్ధతి. చేతిలో డబ్బు తక్కువ ఉన్నప్పుడు తగ్గించాల్సింది తిండిని కాదు, నిద్రను కాదు, ఊళ్ల సంఖ్యను. ఏడు దేశాల బదులు మూడు ఊళ్లు పెట్టుకుంటే ఖర్చు దిగుతుంది, చూసేది పెరుగుతుంది. బదిలీ ఉద్యోగుల పిల్లలైన మీకు ఈ మాట ఇతరులకన్నా తొందరగా అర్థమవుతుంది. ఎందుకో లెక్కతో చెబుతాను.

తగ్గని ఖర్చు, తగ్గే ఖర్చు

యూరప్ ప్రయాణంలో కొన్ని ఖర్చులు మన చేతుల్లో ఉండవు. విమానం టికెట్టు, వీసా, బీమా అలాంటివి. 1985లో లక్సెంబర్గ్ దేశంలోని షెంగెన్ అనే చిన్న ఊళ్లో కొన్ని దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాని ఫలితంగా ఈనాడు 29 దేశాల్లో ఒకే వీసా మీద తిరగవచ్చు. ఆ వీసా రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45 యూరోలు, అంతకన్నా చిన్నవాళ్లకు ఏమీ లేదు. పన్నెండు నిండిన పిల్లలు ఇద్దరున్న నలుగురి కుటుంబానికి రుసుమే 360 యూరోలు. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగిరాదు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే బీమా ఉంటేనే దరఖాస్తు తీసుకుంటారు. ఏడు దేశాలు చూసినా, ఒక్క ఊళ్లోనే కూర్చున్నా ఈ ఖర్చు మారదు.

ఇక్కడే పెద్దలు ఒక మాట అంటారు. "ఇంత పోసి వెళ్తున్నప్పుడు, మళ్లీ వెళ్తామో లేదో, చూడగలిగినన్ని చూసి రావాలి కదా?" న్యాయమైన ప్రశ్నే. సెలవు మంజూరు కావడానికి, విదేశానికి వెళ్లేందుకు శాఖ అనుమతి రావడానికి ఎంత కాలం పడుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆ దొరికిన పది రోజుల్లో ఒక్క రోజు కూడా వృథా కాకూడదు.

సరిగ్గా అందుకే ఏడు దేశాలు వద్దంటున్నాను. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారడమంటే ఏమిటో మీకు చెప్పాలా? ఉదయం సామాను సర్దాలి. గది ఖాళీ చేయాలి. స్టేషన్‌కు చేరాలి. రెండు మూడు గంటలు ప్రయాణించాలి. కొత్త ఊళ్లో దారి వెతుక్కుని బస చేరాలి. మధ్యాహ్నానికి ముందు గది ఇవ్వకపోతే సామాను పెట్టే చోటు చూసుకోవాలి. రైలు ఎంత వేగంగా వెళ్లినా ఒక్కో మార్పుకు సగం రోజు పోతుంది. ఏడు చోట్లకు ఆరు మార్పులు, అంటే మూడు రోజులు. మూడు ఊళ్లకు రెండే మార్పులు, అంటే ఒక్క రోజు. పది రోజుల్లో మొదటివాళ్లకు ఏడు రోజులు మిగులుతాయి, రెండోవాళ్లకు తొమ్మిది. పైగా ప్రతి మార్పుకూ టికెట్టు కొనాలి, స్టేషన్‌లో దొరికినది దొరికిన ధరకు తినాలి. ఒకే చోట నాలుగు రోజులు ఉంటే నగర రవాణాకు 72 గంటల పాసో, వారం పాసో తీసుకోవచ్చు. వంట చేసుకునే వీలున్న బస చూసుకోవచ్చు.

రైలు టికెట్టు లెక్క

రెండో విషయం టికెట్ల పద్ధతి. మన స్లీపర్ క్లాసు ఛార్జీ రిజర్వేషన్ తెరిచిన రోజు ఎంతో, చివరి వారంలోనూ అంతే. తత్కాల్ మాత్రమే వేరు. యూరప్‌లో చాలాచోట్ల వేగంగా వెళ్లే దూరప్రాంత రైళ్లకు ఈ పద్ధతి లేదు. అక్కడ టికెట్టు ధర విమానం టికెట్టులా కదులుతుంది. రెండు నెలల ముందు కొన్న సీటుకు, బయలుదేరే రోజున కొన్న పక్క సీటుకు మధ్య ధర రెండు మూడు రెట్లు తేడా ఉండవచ్చు. అయితే మన ప్యాసింజర్ రైళ్లలాంటివి అక్కడా ఉన్నాయి. వాటికి సాధారణంగా రిజర్వేషన్ ఉండదు, ధర ముందు కొన్నా అప్పటికప్పుడు కొన్నా ఒకటే. కాబట్టి సూత్రం ఇది: వేగమైన రైలుకు ముందే కొనండి, నిదానం రైలుకు ఆ రోజే కొనండి.

ఈ ధరల వెనుక పోటీ కథ కూడా ఉంది. ఇటలీలో 2012లో ఇటాలో అనే ప్రైవేటు సంస్థ వేగమైన రైళ్లు మొదలుపెట్టి ప్రభుత్వ రైళ్లకు పోటీగా నిలిచింది. ప్రయాణికులకు చవక టికెట్లు దొరకసాగాయి. జర్మనీలో రైల్వేను కాపాడటానికి దూరప్రాంత బస్సులపై దశాబ్దాల పాటు గట్టి ఆంక్షలు ఉండేవి. 2013 జనవరిలో చట్టం మారింది. ఆ ఏడాదే మ్యూనిక్‌లో మొదలైన ఫ్లిక్స్‌బస్ ఇప్పుడు యూరప్ అంతటా తిరుగుతోంది. బస్సు రైలుకన్నా నిదానం, కానీ ఆఖరి నిమిషంలో కొనాల్సి వచ్చినప్పుడు చాలాసార్లు అదే ఆదుకుంటుంది.

చవక విమానాల మాటేమిటి? టికెట్టు మీద కనిపించే అంకె చూసి మోసపోవద్దని మాత్రం చెబుతాను. పారిస్ పేరు పెట్టుకున్న బోవే విమానాశ్రయం పారిస్‌కు దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ పేరున్న హాన్ విమానాశ్రయమైతే ఆ నగరానికి 120 కిలోమీటర్ల దూరం. అంటే విజయవాడ టికెట్టు కొని రాజమండ్రికి కాస్త ఇవతల దిగినట్టు. అక్కడి నుంచి బస్సు ఛార్జీ, పెట్టెకు వేరే రుసుము, రెండు గంటల ముందు చేరాల్సిన సమయం, అన్నీ కలిపితే గంటన్నర విమానం సగం రోజు మింగేస్తుంది. రైలు ఊరి నడుమ ఎక్కించి ఊరి నడుమ దింపుతుంది.

రాత్రి రైళ్లు కూడా ఉన్నాయి. ఆస్ట్రియా రైల్వే నడిపే నైట్‌జెట్ రైళ్లలో ఆరు బెర్తుల కూపేలు చూస్తే మన త్రీ టైర్ గుర్తొస్తుంది. వియన్నాలో రాత్రి ఎక్కితే రోమ్‌లో ఉదయం దిగవచ్చు, ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది. బెర్తు మీద నిద్రపోవడం అక్కడివాళ్లలో చాలామందికి ఒక వింత అనుభవం. మీకు మాత్రం పుట్టినప్పటి నుంచీ అలవాటే.

మూడు ఊళ్ల దారి

ఇంతవరకు పద్ధతి చెప్పాను. ఇప్పుడు ఒక దారి చూద్దాం. అట్లాసులో మధ్య యూరప్ పేజీ తెరవండి. చెక్ దేశపు రాజధాని ప్రాగ్, ఆస్ట్రియా రాజధాని వియన్నా, హంగరీ రాజధాని బుడాపెస్ట్. ప్రాగ్ నుంచి వియన్నాకు రైల్లో సుమారు నాలుగు గంటలు, వియన్నా నుంచి బుడాపెస్ట్‌కు రెండున్నర గంటలకు కాస్త అటూ ఇటూ. 1918 వరకు ఈ మూడూ ఒకే సామ్రాజ్యంలోని నగరాలు కాబట్టి వాటి మధ్య రైలు మార్గాలు ఏనాడో పడ్డాయి. ప్రాగ్‌లో విమానం దిగి బుడాపెస్ట్‌లో తిరుగు విమానం ఎక్కేలా టికెట్టు కొంటే వెనక్కి వచ్చే ఖర్చు కూడా లేదు. పారిస్, జ్యూరిక్‌లతో పోలిస్తే ప్రాగ్‌లోనూ బుడాపెస్ట్‌లోనూ తిండి, బస చవక. వియన్నా కొంచెం ఖరీదు, కాబట్టి అక్కడ రాత్రులు తగ్గించుకోవచ్చు. వీసా దరఖాస్తు ఎక్కువ రోజులు ఉండే దేశానికి పెట్టుకోవాలి. మూడు దేశాలైతే ఆ లెక్క తేలిక.

పదో తరగతి పిల్లలు వంశపారంపర్యం పాఠంలో బఠాణీ మొక్కల మీద మెండెల్ చేసిన ప్రయోగాలు చదువుతారు. ఆయన 1856 నుంచి ఆ ప్రయోగాలు చేసిన మఠం ప్రాగ్–వియన్నా మార్గం మధ్యలో ఉన్న బ్రనో నగరంలో ఉంది. రైళ్లు అక్కడ ఆగుతాయి. స్టేషన్ లాకర్‌లో పెట్టె పెట్టి, మఠం చూసి, సాయంత్రం రైలు ఎక్కవచ్చు. ఏడు దేశాల బస్సు బ్రనోలో ఎందుకు ఆగుతుంది?

వియన్నాలోని జాతీయ మ్యూజియంలలో 19 ఏళ్ల లోపువాళ్లకు ప్రవేశం ఉచితం, మీరు ఏ దేశం నుంచి వచ్చినా సరే. అక్కడి ప్రకృతి విజ్ఞాన మ్యూజియంలో విలెన్‌డార్ఫ్ వీనస్ అనే రాతి బొమ్మ ఉంది. పదకొండు సెంటీమీటర్ల ఎత్తు, దాదాపు 30,000 ఏళ్ల వయసు. ఎదురుగానే ఉన్న కళల మ్యూజియంలో బ్రూగెల్ 1563లో వేసిన బాబెల్ గోపురం చిత్రం ఉంది. మనుషులు ఆకాశాన్నంటే గోపురం కడుతుంటే దేవుడు వాళ్ల భాషలను కలగాపులగం చేశాడని, పని ఆగిపోయిందని బైబిల్ కథ. ఏటా కొత్త రాష్ట్రంలో కొత్త భాష మధ్య కూర్చునే పిల్లలు ఆ బొమ్మ ముందు కొంచెంసేపు నిలబడాలి. గైడు జెండా ఊపుతుంటే పరుగెత్తేవాళ్లకు ఆ కొంచెంసేపు దొరకదు.

వియన్నా నుంచి స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా రైల్లో గంట దూరం. గది మార్చకుండా పొద్దున వెళ్లి సాయంత్రం రావచ్చు. ఇక బుడాపెస్ట్. 1873లో బుడా, పెస్ట్, ఓబుడా అనే మూడు ఊళ్లు కలిసి ఒక నగరమయ్యాయి. నడుమ డాన్యూబ్ నది. హుస్సేన్‌సాగర్‌కు అటూ ఇటూ హైదరాబాద్, సికింద్రాబాద్ చూసినవాళ్లకు జంట నగరమంటే కొత్త కాదు. అక్కడ 1896లో మొదలైన భూగర్భ రైలు ఇప్పటికీ నడుస్తోంది, యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. దాన్ని చూడటానికి ప్రవేశ రుసుము లేదు, మామూలు మెట్రో టికెట్టు కొని ఎక్కి కూర్చోవడమే.

నిదానంగా తిరిగేవాళ్లకు స్టేషన్ బోర్డులు కూడా పాఠాలే. మనం వియన్నా అనే ఊరు జర్మన్‌లో వీన్, హంగరీ భాషలో బేచ్. ప్రాగ్ తన ఊళ్లో ప్రాహా. మ్యూనిక్‌ను ఇటలీ వాళ్లు మొనాకో అంటారు, బవేరియాలోని మొనాకో అని విడమరుస్తారు కూడా. చెన్నపట్నం, మద్రాసు, చెన్నై ఒకే ఊరని తెలిసిన మనకు ఇందులో ఆశ్చర్యమేముంది?

ఒక పంతులుగారి ఆలోచన

యూరప్‌లో తక్కువ ఖర్చుతో తిరిగేవాళ్లు ఎక్కువగా యూత్ హాస్టళ్లలో ఉంటారు. ఒక గదిలో ఆరో ఎనిమిదో మంచాలు, ఉమ్మడి వంటగది. కుటుంబాలకు విడి గదులు కూడా చాలాచోట్ల ఉంటాయి. ఈ హాస్టళ్లు పుట్టించినది ఏ వ్యాపారస్థుడూ కాదు, రిచర్డ్ షిర్‌మన్ అనే జర్మన్ బడిపంతులు. 1909 ఆగస్టులో ఆయన విద్యార్థులను కాలినడకన యాత్రకు తీసుకువెళ్లాడు. దారిలో గాలివాన పట్టుకుంది. సెలవులకు మూసి ఉన్న ఒక బడిలో గడ్డి పరుచుకుని ఆ రాత్రి గడిపారు. సెలవుల్లో బళ్లన్నీ ఖాళీగానే ఉంటాయి కదా, ప్రతి ఊళ్లో ఒక బడి తిరిగే పిల్లలకు తలుపు తీస్తే ఎంత బాగుంటుందని ఆయనకు తోచింది. కొన్నేళ్లకే ఆల్టెనా అనే ఊరి పాత కోటలో ఆయన శాశ్వత హాస్టల్ ఏర్పడింది. ఆ ఆలోచన ప్రపంచమంతా పాకింది. మన దేశంలో యూత్ హాస్టల్స్ అసోసియేషన్ కూడా ఆ కుటుంబంలోదే.

ప్రాంతీయ క్రీడాపోటీలకు వెళ్లి, ఇంకో విద్యాలయం తరగతి గదిలో బెంచీలు పక్కకు జరిపి పరుపులు వేసుకుని పడుకున్నవాళ్లు మీలో ఉన్నారు. షిర్‌మన్ పంతులుగారి గడ్డి పడక అదే. దేశం నలుమూలలా మన విద్యాలయాలున్నాయి. పోటీలు లేని సెలవుల్లో కూడా ఒక ఊరి పిల్లలకు ఇంకో ఊరి బడి ఇలా తలుపు తీయాలని నా కోరిక. డబ్బు లేనివాళ్లు తిరగాలంటే ఎవరో ఒకరు తలుపు తీయాలి. యూరప్ నుంచి మనం తెచ్చుకోవలసిన వస్తువేదైనా ఉంటే నేను దీన్నే చెబుతాను.

పొదుపు చేయకూడని చోట్లు

పొదుపంటే అన్నిటినీ కోసేయడం కాదు. బీమా సొమ్ము తగ్గించకూడదు. చవక అని అర్ధరాత్రి చేరే బస్సు ఎక్కి, పిల్లలతో తెలియని స్టేషన్ ముందు నిలబడకూడదు. ఇంటివాళ్లు అలిసిపోయిన రోజు ట్రాముకు డబ్బు ఆదా చేద్దామని నాలుగు కిలోమీటర్లు నడిపించకూడదు.

టికెట్టు ఎగ్గొట్టడం అసలే పొదుపు కాదు. వియన్నా మెట్రోలో మన మెట్రోల్లాగా అడ్డంగా తలుపులు ఉండవు, నేరుగా నడిచి వెళ్లి ఎక్కవచ్చు. ప్రయాణికుడి మీద నమ్మకంతో నడిచే పద్ధతి అది. తనిఖీలో దొరికితే జరిమానా వంద యూరోలు దాటుతుంది. కానీ జరిమానా భయంతో కాకుండా, ఆ నమ్మకాన్ని నిలబెట్టడానికి టికెట్టు కొనాలి. ప్రాగ్‌లో కాగితం టికెట్టు కొంటే చాలదు, మొదటిసారి ఎక్కేటప్పుడు యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని టికెట్టు లేనట్టే లెక్క.

తిండిలో మాత్రం తెలివిగా ఎంత తగ్గించినా తప్పులేదు. సూపర్‌మార్కెట్లో బియ్యం, పెరుగు దొరుకుతాయి. హాస్టల్ వంటగదిలో పెరుగన్నం కలుపుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆస్ట్రియాలో ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు, శనివారమే కొనిపెట్టుకోవాలి. ఇంటి నుంచి నెయ్యి సీసా, పాలకోవా తీసుకుపోవాలని అమ్మమ్మ పట్టుబట్టినా వద్దనాలి. బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తీసుకురావడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. నీళ్ల సీసా కొనక్కర్లేదు, వియన్నా కుళాయిల్లో వచ్చేది ఆల్ప్స్ కొండల ఊట నీరు. 1873 నుంచి ఆ కొండల నీళ్లను గొట్టాల్లో నగరానికి తెచ్చుకుంటున్నారు. ఏటీఎంలోనో కార్డు యంత్రంలోనో "రూపాయల్లో తీసుకోమంటారా?" అని అడిగితే వద్దని, ఆ దేశపు కరెన్సీనే ఎంచుకోవాలి. చెక్ దేశంలో కొరునా, హంగరీలో ఫోరింట్. యూరప్ అంతా యూరో అనుకోకూడదు.

మన పిల్లలకు ఇదెందుకు?

మీలో చాలామంది ఇప్పుడే యూరప్ వెళ్లరు. కొందరు ఎప్పటికీ వెళ్లకపోవచ్చు. ఇంకొందరిని రేపు చదువో ఉద్యోగమో తీసుకువెళ్తుంది. ఇప్పటికే జర్మనీ విశ్వవిద్యాలయాల్లో ఎందరో తెలుగు పిల్లలు చదువుకుంటున్నారు. అయినా ఈ వ్యాసం వాళ్ల కోసం మాత్రమే కాదు.

"నేను ఆరు రాష్ట్రాలు చూశాను, ఎనిమిది బళ్లు మారాను" అని మన పిల్లలు గర్వంగా చెబుతారు. బదిలీల మీద తిరిగిన నేనూ అలా చెప్పినవాణ్నే. ఆ అంకె మనం ఎంచుకున్నది కాదు, బదిలీ ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఊళ్లలో ఎన్నింటి కూరగాయల బజారు మీకు తెలుసు? ఎన్ని భాషల్లో బస్సు కండక్టరును దారి అడగగలరు? టి.సి. చేతికి వచ్చే నాటికి ఆ ఊరు కొంతైనా మీదైతేనే అక్కడ ఉన్నట్టు. లేకపోతే ఏడు దేశాల బస్సులో కిటికీ సీటుకూ మన మూడేళ్ల పోస్టింగుకూ పెద్ద తేడా లేదు.

1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకి దారిని, ఊరిని, దొరికే సరుకులను, మనుషుల తీరును రాసుకున్నారు. అందుకే ఆయన కాశీయాత్ర చరిత్రను ఈనాటికీ చదువుతున్నాం. మీరూ ఒక పని చేయండి. అట్లాసు, రైళ్ల టైంటేబులు ముందు పెట్టుకుని పది రోజులకు మూడు ఊళ్ల ప్రయాణం కాగితం మీద వేయండి. యూరప్ కానక్కర్లేదు, ప్రస్తుతం మీరున్న రాష్ట్రమైనా సరే. ఎక్కడ ఎంత ఖర్చో, ఏ ఊరు వదిలేశారో, ఎందుకు వదిలేశారో రాయండి. వదిలేసిన ఊళ్లకు కారణం సరిగ్గా చెప్పగలిగితే మీకు ప్రయాణం చేయడం వచ్చినట్టే. డబ్బు, వీసా తర్వాత చూసుకోవచ్చు.